ఒక కుటుంబానికి ఎన్ని ఇళ్లు ఉండవచ్చు? భూమికి పెట్టిన పరిమితి ఇంటికి ఎందుకు లేదు?

ప్రశ్న: భీమారం కిరాయిదారు

మిత్రులకు నమస్కారం. నేను హనుమకొండలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా గణితం చెబుతున్నాను. ఈ కాలంలో ఏడు ఇళ్లు మారాను. మొదట కళాశాలకు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో నయీంనగర్‌లో ఉండేవాళ్లం. అక్కడి నుంచి గోపాలపురం, గోపాలపురం నుంచి భీమారం వచ్చాం. కిరాయి పెరిగిన ప్రతిసారీ మా సామాను ఊరి బయటి వైపే కదిలింది. ప్రస్తుతం మేముంటున్న ఇంటి యజమానికి ఇదే నగరంలో ఆరు ఇళ్లున్నాయి, వాటిలో రెండింటికి నాలుగేళ్లుగా తాళం వేసి ఉంది. కిరాయికి ఇస్తే ఇల్లు పాడవుతుందని, మంచి ధర పలికినప్పుడు అమ్ముతానని ఆయన అంటారు. ఆయన మర్యాదస్తులు, మాతో ఏనాడూ మాట తూలలేదు, కాబట్టి దీన్ని ఆయన మీద ఫిర్యాదుగా తీసుకోవద్దని మనవి. అలా తాళం వేసి ఉంచడమే లాభసాటి అయ్యేలా ఉన్న ఏర్పాటు గురించే నా బాధ.

2010లో ఈ పక్క గల్లీలో నూట యాభై గజాల ప్లాటు చూశాం. గజం మూడు వేలు చెప్పారు. చిట్టీ ఎత్తి, నా భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టినా సగం డబ్బే జమ అయింది, ఒక సంవత్సరం ఆగుదామనుకున్నాం. ఇప్పుడు అదే గల్లీలో గజం ఇరవై ఏడు వేలు. ఈలోగా నా జీతం మూడింతలైంది, గజం ధర తొమ్మిదింతలైంది. గణితం చెప్పేవాణ్ణి కనుక ఈ రెండు గీతలూ ఎప్పటికీ కలవవని నాకు తెలుసు.

మా తాత జనగామ ప్రాంతంలో ఒక దేశ్‌ముఖ్ భూమిని కౌలుకు చేసేవారు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా ఆయన పేరు రికార్డుకెక్కింది, ఆ తర్వాతి కాలంలో ఆయన్నే ఆ భూమికి యజమానిగా గుర్తించే 38-ఇ ధ్రువపత్రం చేతికి వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన బియ్యం గుమ్మి పక్కన రేకుపెట్టెలో దాచుకున్నారు. దున్నేవాడికి భూమి అన్న మాట కోసం ఈ నేల మీద ఎంత నెత్తురు పారిందో ఇక్కడి వాళ్లకు నేను చెప్పనక్కర లేదు. 1973లో వ్యవసాయ భూమికి గరిష్ఠ పరిమితి చట్టం, 1976లో పట్టణ భూమికి గరిష్ఠ పరిమితి చట్టం వచ్చాయి. మరి ఇంటికి అలాంటి పరిమితి ఎందుకు రాలేదు? ప్రపంచ అసమానతల అధ్యయన బృందం 2024 మార్చిలో విడుదల చేసిన పత్రం ప్రకారం 2022-23 నాటికి దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉంది. ఆ సంపదలో కొంత మన కళ్లెదుట తాళాలు వేసిన తలుపుల రూపంలోనే నిలబడి ఉంది కదా.

ఒక కుటుంబానికి రెండు ఇళ్లు చాలునని, మూడో ఇంటిని ఐదేళ్లలో అమ్మి తీరాలని చట్టం తెస్తే తప్పేమిటి? కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జవాబు 1: రెవెన్యూ శాఖ విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనది. అయితే పరిమితి చట్టాలు ఎలా నడిచాయో దగ్గరుండి చూసినవాణ్ణి కనుక కొంత వివరంగా చెబుతాను. నేను 1978లో జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు నా బల్ల మీద మొదట పడినవి తమకెంత భూమి ఉందో యజమానులు రాసిచ్చిన సీలింగు డిక్లరేషన్ల కట్టలే. 1973 నాటి ఆ చట్టం ప్రకారం ఐదుగురి వరకు ఉన్న కుటుంబానికి నేల తరగతిని బట్టి తరి, అంటే నీటి వసతి ఉన్న భూమి అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి, అంటే మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు ఉంచుకోవచ్చు. సభ్యులు ఎక్కువగా ఉంటే తలకు ఐదో వంతు చొప్పున, మొత్తం మీద రెట్టింపు మించకుండా కలుపుకోవచ్చు. మేజరైన కొడుకుకు వేరే లెక్క. 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదలాయింపులను కూడా అనుమానంతో చూడాలని చట్టంలోనే రాశారు, అంటే రాసినవారికి లోకం తెలియక కాదు. అయినా జరిగిందేమిటంటే, పాలేరు పేరు మీద పదెకరాలు, వంటమనిషి పేరు మీద ఐదెకరాలు, ఊరు విడిచి ఇరవై ఏళ్లయిన మేనల్లుడి పేరు మీద ఇంకో పదిహేను. ఆ పాలేరుకు తన పేరిట పట్టా ఉన్న సంగతి శిస్తు నోటీసు వచ్చిన రోజే తెలిసేది. ఇక మిగులుగా అప్పగించిన భూమిలో చాలా భాగం పరుపుబండలు, గుట్ట మొదళ్లు. విచారణకు వెళ్లి ఆ బండల మీద నిలబడి పంచనామా రాసిన చేతులు ఇవే.

1976 నాటి పట్టణ చట్టం వరంగల్‌కు కూడా వర్తించింది. నగరం స్థాయిని బట్టి 500 నుంచి 2000 చదరపు మీటర్ల వరకు ఖాళీ స్థలం ఉంచుకోనిచ్చారు. ఇక్కడ మీ ప్రశ్నకు సంబంధించిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ఆ చట్టం ఖాళీ స్థలాన్నే కొలిచింది. ఒక మనిషికి కట్టిన ఇళ్లు ఎన్ని ఉండవచ్చో అది చెప్పనే లేదు. మినహాయింపుల సెక్షన్లు తలుపులన్నీ తెరిచి పెట్టాయి. మినహాయింపు దొరకని స్థలాలు అటు అమ్ముకోలేక, ఇటు కట్టుకోలేక కోర్టు కేసుల్లో మూలుగుతుండగా, వాటినే తెల్లకాగితం మీద ముక్కలు చేసి పేదలకు అమ్మారు. ఆ కాగితాలతో మోసపోయిన కుటుంబాలు ఇంకా క్రమబద్ధీకరణ కోసం తిరుగుతూనే ఉన్నాయి. కేంద్రం 1999లో చట్టాన్ని రద్దు చేసింది, మన రాష్ట్రం ఆ రద్దును 2008లో స్వీకరించింది.

అందువల్ల పరిమితి వద్దని నేను అనను. లెక్క లేకుండా పరిమితి పెడితే అది కాగితం మీదే ఉంటుందని మాత్రం అంటాను. ఒక మనిషికి నగరంలో ఎన్ని ఇంటి నంబర్లున్నాయో ఒక్క మీటతో చెప్పగల రిజిస్టరు ముందు కావాలి. ఇంటి పేరు ఒకచోట పొడి అక్షరాల్లో, ఇంకోచోట పూర్తిగా ఉంటే మన కాగితాల్లో వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులే. లెక్కించడం అసాధ్యం అనేవారితో మాత్రం నేను ఏకీభవించను. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతా ఇంటింటికీ తిరిగి కుటుంబ సర్వే చేశాం. ఆ రోజు నేను ఒక మండలంలో పర్యవేక్షణలో ఉన్నాను. కావాలనుకుంటే లెక్క తెగుతుంది.

జవాబు 2: నర్సంపేట ఆడబిడ్డ

మాస్టారు గారికి, పెద్దలకు నమస్కారం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీరు చెప్పిన లెక్క ప్రకారం నేను పరిమితి దాటిన మనిషిని. హనుమకొండలో మేం కట్టుకున్న ఇల్లు ఒకటి, దాని వెనక రెండు పోర్షన్ల చిన్న ఇల్లు ఇంకొకటి, నర్సంపేట దగ్గర మా అమ్మగారింట్లో నా వాటా. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన ఉద్యోగం ప్రైవేటు, పింఛను లేదు. ఆ రెండు పోర్షన్ల కిరాయితోనే మా అత్తమ్మ మందులు, మా చిన్నదాని చదువు గడిచాయి. ఒక పోర్షనులో కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న దంపతులు, ఇంకో దాంట్లో కాజీపేట రైల్వేలో పనిచేసే అబ్బాయి ఉంటున్నారు. రేపు మీ చట్టం వచ్చి మూడోది అమ్మమంటే దాన్ని కొనేది వాళ్లు కారు. ఇప్పటికే పదో ఇల్లు ఉండి, పదకొండో దాన్ని అల్లుడి పేరు మీద రాయించగల మనిషే కొంటాడు.

ఇంకొక మాట పెద్దలు ఆలోచించాలి. మా అమ్మగారింటి వాటా నాకు ఊరికే రాలేదు. హిందూ వారసత్వ చట్టానికి 1986లో మన రాష్ట్రం చేసిన సవరణ ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. చట్టం ఉన్నా మా అన్నదమ్ములతో తొమ్మిదేళ్లు మాటలు లేకుండా ఉండి, పెద్దమనుషుల ముందు కూర్చొని తెచ్చుకున్న రెండు గదులవి. భూమి పరిమితి చట్టంలో భార్యాభర్తల ఆస్తిని ఒకే కుటుంబం కింద కలిపి లెక్కించారు. ఇళ్లకూ అలాగే కలిపి లెక్కిస్తే అమ్మకానికి ముందుగా పోయేది భర్త కట్టించిన మేడ కాదు. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న వాటా. "ఎట్లాగూ ఒకటి తీసేయాలి కదా, నీది తీసేద్దాం" అనే మాట ప్రతి ఇంట్లో వినబడుతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. మా వీధిలో కూతురి పెళ్లి వచ్చినా, కొడుకు అమెరికా ప్రయాణం వచ్చినా ముందుగా అమ్మినవి ఆడవాళ్ల పేరు మీదున్నవే.

మాస్టారు గారూ, మీ బాధ నాకు అర్థం కానిది కాదు. మేమూ పెళ్లయిన పదకొండేళ్లు శివనగర్‌లో ఒక గది, వంటగదిలో ఉన్నాం. నా వినతి ఒక్కటే. తాళం వేసిన ఇంటినీ, మనుషులు కాపురం ఉంటున్న ఇంటినీ ఒకే గాటన కట్టవద్దు.

జవాబు 3: పన్ను సలహాదారు, బాలసముద్రం

పై అక్కగారు చెప్పిన తేడాను గుర్తించిన చట్టం ఒకప్పుడు మనకు ఉండేది, మనమే దాన్ని తీసేసుకున్నాం. 1957 నాటి సంపద పన్ను చట్టం గురించి చెబుతున్నాను. ఇటీవలి రూపంలో అది ముప్పై లక్షలు దాటిన నికర సంపద మీద ఒక శాతం పన్ను వేసేది. దానిలో ఉంటున్న ఒక ఇంటికి మినహాయింపు ఉండేది. సంవత్సరంలో మూడు వందల రోజులు కిరాయికి ఇచ్చిన ఇంటికీ మినహాయింపు ఉండేది. అంటే ఆ పన్ను తగిలేది సరిగ్గా మాస్టారు గారు చూపిస్తున్న తాళం వేసిన ఇంటికి. 2015 బడ్జెట్లో దాన్ని రద్దు చేస్తూ, 2013-14లో మొత్తం దేశంలో వసూలైనది 1,008 కోట్లేనని, వసూలు ఖర్చు ఎక్కువని కారణం చెప్పి, దానికి బదులు అధిక ఆదాయం ఉన్నవారి పన్ను మీద అదనంగా రెండు శాతం సర్‌చార్జి వేశారు. నా దృష్టిలో పొరపాటు ఇక్కడే జరిగింది. సర్‌చార్జి ఆదాయాన్ని చూస్తుంది. తాళం వేసిన ఇల్లు ఆదాయం చూపించదు, ధర మాత్రమే పెంచుకుంటుంది. తండ్రి నుంచి కొడుకుకు పెద్ద ఆస్తి వెళ్లేటప్పుడు పడే ఎస్టేటు సుంకం 1985లోనే పోయింది. కాబట్టి కొనేటప్పుడు కట్టే స్టాంపు, రిజిస్ట్రేషన్ రుసుములు, మన రాష్ట్రంలో 2021 జూలై నుంచి మొత్తం 7.5 శాతం, మొదటి ఇల్లు కొనే గుమాస్తాకూ, పదకొండో ఇల్లు కొనే కాంట్రాక్టరుకూ ఒక్కటే.

ఆదాయపు పన్నులో ఏమీ లేదా అంటే ఉంది. 2019 వరకు ఒక్క ఇంటిని మాత్రమే సొంత నివాసంగా చూపించి సున్నా ఆదాయం వేసుకునే వీలుండేది, ఆ సంవత్సరం బడ్జెట్ దాన్ని రెండు ఇళ్లకు పెంచింది. మూడోది ఖాళీగా ఉన్నా కిరాయి వచ్చినట్టే లెక్కించి పన్ను కట్టాలి. అయితే నా దగ్గరికి వచ్చేవారిలో ఆ మూడో ఇంటి గురించి తమంతట తాము చెప్పినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 54ఎఫ్ సెక్షన్ ఇంకా ఆసక్తికరమైనది. ప్లాటునో షేర్లనో అమ్మి ఇల్లు కొంటే లాభం మీద పన్ను ఉండదు, కానీ అమ్మిన రోజుకు ఒకటికి మించి ఇళ్లు ఉన్నవారికి ఆ మినహాయింపు లేదు. కాబట్టి ఇళ్లను లెక్కపెట్టడం మన చట్టాలకు కొత్త కాదు.

రాజ్యాంగం అడ్డు వస్తుందా అన్న ప్రశ్న కూడా ఉంది. ఆస్తి 1978 నాటి 44వ సవరణతో ప్రాథమిక హక్కు కాకుండా పోయింది, 300ఎ అధికరణం కింద చట్టబద్ధమైన హక్కుగా ఉంది. సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకూడదని 39వ అధికరణంలో రాసుకున్నాం. అయితే 2024 నవంబరు 5న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, ప్రైవేటు ఆస్తి ప్రతిదీ సమాజపు వనరు కిందికి రాదని మెజారిటీతో తేల్చింది. ఆ తీర్పు తర్వాత "మూడో ఇల్లు ప్రభుత్వానికి అప్పగించు" అనే చట్టం కోర్టులో నిలబడడం కష్టమని నా అభిప్రాయం. పన్ను వేసే అధికారానికి ఆ ఇబ్బంది లేదు. సింగపూరులో పౌరుడు రెండో ఇల్లు కొంటే ధరలో 20 శాతం, మూడోది కొంటే 30 శాతం అదనపు స్టాంపు సుంకం 2023 ఏప్రిల్ నుంచి కడుతున్నాడు. కెనడాలోని వాంకూవర్ 2017లో ఖాళీ ఇంటి విలువ మీద ఒక శాతంతో పన్ను మొదలుపెట్టి, తర్వాత మూడు శాతానికి పెంచింది. అయితే సింగపూరు ఉదాహరణ చెప్పేటప్పుడు ఒక సంగతి దాచకూడదు. అక్కడ ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా ప్రభుత్వం కట్టిన ఇళ్లలోనే ఉంటారు. పన్ను ఒక్కటే ఆ పని చేయలేదు.

జవాబు 4: రంగశాయిపేట యువకుడు

పెద్దలందరూ ఇళ్ల గురించి మాట్లాడుతున్నారు. మా అమ్మ బీడీలు చుడుతుంది, ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెట్టుకుంది. పక్కా ఇల్లు ఎక్కడా లేదని రుజువు చేయాలి. సర్వేకు వచ్చినవారు మా రేకుల గదిని నాలుగు వైపుల నుంచి ఫోటో తీసుకున్నారు, ఊళ్లో మా పెదనాన్న ఇంట్లో మాకు వాటా ఉందా అని మూడుసార్లు అడిగారు. పేదవాడికి ఇల్లు ఉందా లేదా అన్నది గోడ గోడకూ లెక్కించే ప్రభుత్వానికి, ఉన్నవాడి ఇళ్లు లెక్కించే రిజిస్టరు లేదని రెవెన్యూ సారు చెబుతుంటే బాధ కలిగింది.

తీరా ఐదు లక్షల సాయం మొదటి విడతలో సొంత జాగ ఉన్నవారికే అన్నారు. మాకు జాగ లేదు. అందుకే తాళం వేసిన ఇంటి కంటే ముందు నాకు కనిపించేది ప్రహరీ కట్టి వదిలేసిన ప్లాటు. టెక్స్‌టైల్ పార్కు పేరు వినగానే ఒకసారి, ఔటర్ రింగు రోడ్డు అనగానే ఒకసారి, 2025 ఫిబ్రవరిలో మామునూరు విమానాశ్రయానికి అనుమతి రాగానే ఇంకోసారి, మా వైపు ధరలు పెరిగాయి. మూలకో చిన్న గది, దానికొక ఇంటి నంబరు, కరెంటు మీటరు, లోపల తుమ్మచెట్లు. అలాంటివి మా గల్లీ నుంచి బస్సు రోడ్డు దాకా పద్నాలుగు లెక్కపెట్టాను. మీ చట్టంలో ఆ మూల గదిని ఇల్లు అంటారా, ఖాళీ జాగ అంటారా? 2022లో వరంగల్ శివారు జక్కలొద్దిలో ఇంటి జాగ కోసం గుడిసెలు వేసిన వారిలో మా చిన్నమ్మ కుటుంబం ఉంది. వాళ్లకు కావాల్సింది అరవై గజాలు.

ప్రశ్న అడిగినవారి మాట: భీమారం కిరాయిదారు

అందరికీ కృతజ్ఞతలు. అక్కగారి జవాబు చదివాక "ఒక కుటుంబానికి రెండు" అన్న నా లెక్కను వెనక్కి తీసుకుంటున్నాను. ఇళ్ల సంఖ్య కాక, ఆ ఇంట్లో దీపం వెలుగుతోందా లేదా అన్నది ముందుగా చూడాలి. 2011 జనగణనలో దేశం మొత్తం మీద దాదాపు 2.47 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది, పట్టణాల్లోనే 1.1 కోట్లు. మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో 1.878 కోట్ల ఇళ్ల కొరత ఉందని చెప్పింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయాలని నాకూ అనిపించింది, కానీ అది సరైన లెక్క కాదు. ఆ కొరతలో దాదాపు ఒకటిన్నర కోట్లు ఇల్లు లేక కాదు, దంపతులకు వేరే గది కూడా లేని ఇరుకు ఇళ్లలో కుటుంబాలు ఉండడం వల్ల. ఖాళీ ఫ్లాటు తలుపు తెరిచినా రంగశాయిపేట తమ్ముడి తల్లి దాని కిరాయి కట్టలేరు. కాబట్టి పన్నుతో వచ్చే డబ్బు అరవై గజాల జాగ కొని ఇవ్వడానికే ఖర్చు కావాలని చట్టంలోనే రాసి ఉండాలి.

అయితే ఒక విషయంలో మాత్రం నేను మారలేదు. పదో ఇంటి మీద పన్ను ఎంత వేసినా కట్టగలవాడు కడతాడు, కట్టి ఉంచుకుంటాడు. ఎక్కడో ఒకచోట గీత గీయాల్సిందే. ఆ గీత ఎక్కడో తేల్చాలంటే ముందు మన నగరం లెక్క మన చేతిలో ఉండాలి. రెవెన్యూ సారు గారిని ఒకటి అడుగుతున్నాను. సమాచార హక్కు చట్టం కింద నగరపాలక సంస్థను అడిగితే ఈ వివరాలు ఇస్తారా?

జవాబు 5: రెవెన్యూ శాఖ విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

ఇస్తారు, అడిగే తీరులో అడిగితే. పేర్లు అడగవద్దు, వ్యక్తిగత సమాచారమని ఆ చట్టంలోని 8(1)(జె) సెక్షన్ కింద తిరస్కరిస్తారు. అంకెలు అడగండి. డివిజన్ల వారీగా నివాస గృహాల ఇంటి పన్ను అసెస్‌మెంట్లు ఎన్ని, ఒకే యజమాని పేరున మూడు లేదా అంతకు మించి ఉన్నవి ఎన్ని, నీటి కనెక్షన్ లేనివి ఎన్ని, ఖాళీ స్థలం పన్ను విధించినవి ఎన్ని, అందులో వసూలైనది ఎంత అని విడివిడిగా రాయండి. "అలాంటి పట్టిక మా దగ్గర లేదు" అని జవాబు వస్తే ఆ జవాబును కూడా భద్రంగా ఉంచుకోండి, లెక్కే లేదన్న దానికి అదే సాక్ష్యం. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. తమ్ముడు అడిగిన మూల గదుల సంగతి కూడా ఒక ప్రశ్నగా చేర్చండి, ఇంటి నంబరు ఉండి కట్టడం వంద చదరపు అడుగులకు లోపు ఉన్నవి ఎన్ని అని. దరఖాస్తు ముసాయిదా ఆదివారం లోపు నేను రాసి ఇక్కడ పెడతాను. అక్కగారు ఒకసారి చదివి, ఆడవాళ్ల పేరు మీదున్న ఇళ్ల లెక్క వేరుగా అడగడం అవసరమా కాదా చెప్పాలి.